కిడ్నీలో ఉప్పుకు చివరి తూము

(ఒక ఫిజియాలజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం. ఆఖర్లో సభికులు అడిగిన ప్రశ్నల్లో ఒకటి కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పెద్దవాళ్లున్నారు. వెనకాల మెడికల్ కాలేజీ పిల్లలు, డిగ్రీ పిల్లలు ఉన్నారు. అందరికీ కలిపి చెప్పాలి కాబట్టి లెక్కతో మొదలుపెడతాను.

మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల నీటిని రక్తంలోంచి వడగడతాయి. మళ్లీ చెబుతున్నాను, 180 లీటర్లు. ఒంట్లో రక్తం మొత్తం ఐదు లీటర్లు. అందులో కణాలు తీసేస్తే మిగిలే ప్లాస్మా మూడు లీటర్లు. అంటే ఆ మూడు లీటర్లే రోజుకు అరవై సార్లు వడపోతకు వెళ్లి వస్తున్నాయి. ప్లాస్మాలో లీటరుకు 140 మిల్లీమోల్స్ (అణువుల సంఖ్యను లెక్కపెట్టే కొలత) సోడియం ఉంటుంది. 180ని 140తో గుణిస్తే 25,200. దీన్ని మనం వంటింట్లో వాడే ఉప్పుగా మార్చి తూకం వేస్తే ఎంతవుతుందో ఎవరైనా చెప్పగలరా? దాదాపు కిలోన్నర అవుతుందండీ.

రోజుకు కిలోన్నర ఉప్పు కిడ్నీ గొట్టాల్లోకి దిగుతోంది. మనం తినేదెంత? పది గ్రాములు అనుకుందాం. ఒంట్లో ఉప్పు నిలకడగా ఉండాలంటే, చెమటలో పోయే కాస్త పక్కన పెడితే, ఆ పది గ్రాములు మూత్రంలో పోవాలి. మిగతాదంతా వెనక్కి రావాలి. ప్రతిరోజూ రావాలి. ఇందులో ఒక్క శాతం తేడా వచ్చిందనుకోండి. ఒక్క శాతం అంటే పదిహేను గ్రాములు. మనం రోజంతా తిన్నదానికన్నా ఎక్కువ!

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ అందరూ చూసే ఉంటారు. లీటరు సెలైన్‌లో తొమ్మిది గ్రాముల ఉప్పు ఉంటుంది. మన కణాల బయట ఉండే ద్రవంలో కూడా కాస్త అటూ ఇటూగా అంతే. కాబట్టి ఒంట్లో తొమ్మిది గ్రాముల ఉప్పు అదనంగా నిలబడితే, దానితో పాటు లీటరు నీరు నిలబడుతుంది. త్రాసు మీద కిలో బరువు పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు కాళ్లు వాచడం, పడుకుంటే ఆయాసం రావడం ఈ లెక్కలోంచే వస్తాయి. బీపీ కూడా చాలావరకు ఇందులోంచే వస్తుంది.

కిలోన్నర ఉప్పును కిందికి వదలడమెందుకు, మళ్లీ పైకి లాగడమెందుకు అని పిల్లలు ప్రతి ఏడూ అడుగుతారు. మంచి ప్రశ్న. ఒంట్లో చేరే చెత్త ఎన్ని రకాలుంటుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఒక్కో రకానికీ ఒక్కో ప్రోటీన్ పెట్టి బయటికి తోయాలంటే కుదిరే పని కాదు. అందుకని కిడ్నీ ఏం చేస్తుందంటే, చిన్న పదార్థాలన్నిటినీ ఒకేసారి వదిలేసి, తనకు కావలసినవి మాత్రం ఏరుకుంటుంది. కావలసినవి ఏవో దానికి తెలుసు. సోడియం, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, నీళ్లు. కొత్త విషం ఒకటి లోపలికి వచ్చినా, దాన్ని గుర్తుపట్టాల్సిన అవసరం లేకుండానే బయటికి పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ కిలోన్నరలో తొంభై ఏడు శాతం దాకా ఉప్పు గొట్టం మొదట్లోనూ మధ్యలోనూ వెనక్కి వచ్చేస్తుంది. చివరికి మిగిలేది రెండు మూడు శాతం. మన ఒంట్లో ఎంత ఉప్పు ఉండాలి, ఎంత నీరు ఉండాలి, బీపీ ఎంత ఉండాలి అన్నది ఎక్కువగా తేలేది ఆ రెండు మూడు శాతం దగ్గర. అక్కడ కాపలా ఉన్నది ఒక అయాన్ ఛానల్, అంటే సోడియం లాంటి విద్యుదావేశం ఉన్న రేణువులను కణంలోకి వదిలే ప్రోటీన్ దారి. దాని పేరు ఈనాక్. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా దాని గురించే. అయితే దాని దగ్గరికి నేరుగా వెళ్లలేం. గొట్టం వెంట నడుచుకుంటూ వెళ్లాలి.

ముందు కణం ఎలా ఉంటుందో చూద్దాం. కిడ్నీ గొట్టం గోడలో ఉండేది ఒకే ఒక్క వరుస కణాలు. ప్రతి కణానికీ రెండు ముఖాలు. ఒకటి మూత్రం వైపు, ఒకటి రక్తం వైపు. ఈ రెండు ముఖాలూ ఒకటి కావు. దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీనిమీదే నిలబడి ఉంది. రెండు ముఖాల్లో ఉండే ప్రోటీన్లు వేరు వేరు. అందుకే సోడియం ఒకే దిక్కున, మూత్రంలోంచి రక్తంలోకి నడుస్తుంది. రెండు వైపులా ఒకే ప్రోటీన్లు ఉండి ఉంటే అది ఎటూ కదిలేది కాదు.

రక్తం వైపు ముఖంలో సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. కణానికి ఇంధనం లాంటి ఏటీపీ అణువు ఒక్కటి ఖర్చు పెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్ని 1957లో డెన్మార్క్‌లో ఆర్హస్ విశ్వవిద్యాలయంలో యెన్స్ స్కౌ పీతల నరాల్లో కనిపెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత, 1997లో, రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ పంపు ఆగకుండా తోడుతూ ఉండడం వల్ల కణం లోపల సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. బయట 140 ఉంటే లోపల పది, పదిహేను. పైగా కణం లోపల రుణ విద్యుదావేశం. అంటే సోడియం లోపలికి రావడానికి రెండు కారణాలు సిద్ధంగా ఉన్నాయి. లోపల తాను తక్కువగా ఉంది, లోపలి ఆవేశం తనను లాగుతోంది. దారి ఒక్కటే కావాలి.

ఆ దారే ఛానల్. చెరువు కట్టకు తూము ఉంటుంది కదా. తూము ఎత్తితే నీరు తనంతట తానే పల్లానికి పోతుంది. ఎత్తినవాడు నీటిని మోయడు. పల్లం నుంచి మెరకకు తోడాలంటే మాత్రం మోటారు కావాలి, కరెంటు కావాలి. పంపు మోటారు, ఛానల్ తూము. పంపు సెకనుకు కొన్ని వందల అయాన్లను మాత్రమే దాటించగలదు. తెరిచి ఉన్న ఒక్క ఛానల్‌లోంచి సెకనుకు లక్షల అయాన్లు పోతాయి. అంత వేగంలోనూ ఏది పోవాలో ఏది పోకూడదో తేడా తెలిసి వదులుతుంది. ఈనాక్ అయితే సోడియంను వదిలి పొటాషియంను ఆపుతుంది, వందకు ఒకటి కూడా జారనివ్వదు. ఇది నాకు ఎన్నిసార్లు చెప్పినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఈ రెండింటికీ మధ్యలో ఇంకో రకం ఉన్నాయి. ట్రాన్స్‌పోర్టర్లు. సోడియం లోపలికి వచ్చే ఊపును వాడుకుని ఇంకొకదాన్ని వెంట తెస్తాయి, లేదా బయటికి పంపుతాయి. గొట్టం మొదటి భాగంలో, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో, ఉప్పులో దాదాపు మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చేది ఎక్కువగా వీటి ద్వారానే. షుగర్ ఉన్నవాళ్లకు ఈమధ్య ఇస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు ఆపేది అక్కడి ఒక ట్రాన్స్‌పోర్టర్‌నే. ఆ భాగాన్ని ఇక్కడితో వదిలేసి ముందుకు పోదాం.

తర్వాత హెన్లే లూప్, గొట్టం కిందికి దిగి మళ్లీ పైకి తిరిగే వంపు. ఇందులో పైకి ఎక్కే మందపాటి భాగం ఉంది, అక్కడ ఇంకో పాతిక శాతం ఉప్పు వెనక్కి వస్తుంది. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఛానల్ పని ఎంత తెలివిగా ఉంటుందో ఇక్కడ కనిపిస్తుంది. మూత్రం వైపు ముఖంలో ఎన్‌కేసీసీ2 అనే ట్రాన్స్‌పోర్టర్ ఉంది. అది ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్లు, నాలుగూ కలిసి వస్తేనే లోపలికి తెస్తుంది. ఫ్యూరోసెమైడ్ ఆపేది దీన్నే. గుండె జబ్బు ఉన్న ఇళ్లలో లాసిక్స్ అంటే తెలియనివాళ్లు ఉండరు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గొట్టంలో ఆ సమయానికి సోడియం, క్లోరైడ్ బోలెడున్నాయి, పొటాషియం మాత్రం కొంచెమే. నాలుగూ కలిసి రావాలంటే పొటాషియం ముందు అయిపోతుంది. అది అయిపోతే మొత్తం పని ఆగిపోవాలి. ఆగిపోతోందా? లేదు. ఎందుకు? అదే ముఖంలో రోమ్‌కే అనే పొటాషియం ఛానల్ ఉంది. లోపలికి వచ్చిన పొటాషియంను అది వెంటనే గొట్టంలోకి వదిలేస్తుంది. అదే పొటాషియం మళ్లీ ట్రాన్స్‌పోర్టర్ ఎక్కి వస్తుంది, మళ్లీ రోమ్‌కే లోంచి దిగుతుంది. ఇక క్లోరైడ్ రక్తం వైపుకు దాటడానికి అక్కడ వేరే ఛానల్ ఉంది, సీఎల్‌సీ-కేబీ. దానికి బార్టిన్ అని తోడు ప్రోటీన్ కావాలి.

అంటే ఉప్పు రావాలంటే పొటాషియం ఛానల్ పనిచేయాలి, క్లోరైడ్ ఛానల్ కూడా పనిచేయాలి. ఇది పుస్తకం మీద గీసిన బొమ్మ మాత్రమే అనుకోకండి. వీటిలో ఏ జన్యువు చెడినా బార్టర్ సిండ్రోమ్ వస్తుంది. ఎన్‌కేసీసీ2 చెడినా అదే, రోమ్‌కే చెడినా అదే, సీఎల్‌సీ-కేబీ చెడినా అదే. బార్టిన్ చెడితే దానితో పాటు పుట్టు చెవుడు, ఎందుకంటే లోపలి చెవిలో కూడా అదే ప్రోటీన్ కావాలి. ఈ పిల్లల్లో చాలామంది కథ కడుపులోనే మొదలవుతుంది. బిడ్డ కడుపులో ఉండగానే విపరీతంగా మూత్రం పోస్తుంది, తల్లికి ఉమ్మనీరు ఎక్కువైపోతుంది, నెలలు నిండకుండా కాన్పు అవుతుంది. పుట్టాక ఉప్పు, నీళ్లు, పొటాషియం పోతూనే ఉంటాయి.

ఇది తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ చెడినది వస్తేనే కనిపించే జబ్బు. మేనరికాల్లో ఇలాంటి జబ్బులకు అవకాశం పెరుగుతుంది. మన దగ్గర మేనరికాలు ఉన్నాయి. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఒకరు ఉంటే, తర్వాతి కాన్పుకు ముందే జన్యు పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఇది ఎవరి తప్పూ కాదు. కోడలి తప్పు అసలే కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ అమ్మాయి మీద పడే మాటలు నేను విన్నాను.

మరి ఆ తల్లిదండ్రుల సంగతేమిటి? వాళ్లలో ఒక్క కాపీయే చెడి ఉంటుంది. జబ్బు ఉండదు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో తరాల తరబడి గుండె జబ్బుల మీద అధ్యయనం చేస్తున్నారు. 2008లో రిచర్డ్ లిఫ్టన్ బృందం ఆ జనంలో మూడు జన్యువులు చూసింది. ఎన్‌కేసీసీ2, రోమ్‌కే, ఆ తర్వాతి భాగంలో సోడియం, క్లోరైడ్‌లను కలిపి తెచ్చే ట్రాన్స్‌పోర్టర్ ఎన్‌సీసీ. వీటిలో ఒక్క కాపీ చెడినవాళ్లకు బీపీ మిగతావాళ్లకన్నా తక్కువగా ఉంది. ఉప్పు కొంచెం ఎక్కువ జారిపోతే బీపీ కొంచెం తగ్గుతుందన్నమాట. ఆ ఎన్‌సీసీనే మన థయజైడ్ మాత్రలు ఆపేది. బీపీకి వేసుకునే హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ ఇక్కడే పనిచేస్తాయి. దాని రెండు కాపీలూ చెడితే గిటెల్‌మన్ సిండ్రోమ్, అదీ ఉప్పు పోయే జబ్బే.

ఈనాక్ దగ్గరికి

ఇప్పటికి తొంభై ఏడు శాతం వచ్చేసింది. ఇక గొట్టం చివరి భాగం, కలెక్టింగ్ డక్ట్. ఇక్కడ మూత్రం వైపు ముఖంలో ట్రాన్స్‌పోర్టర్ పొత్తులేమీ లేవు. సోడియం ఒంటరిగా, ఛానల్‌లోంచి వస్తుంది.

దీన్ని మొదట అర్థం చేసుకున్నది కిడ్నీలో కాదు, కప్ప చర్మంలో. కోపెన్‌హాగన్‌లో హాన్స్ ఉస్సింగ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. కప్ప మంచినీటిలో బతుకుతుంది. ఆ నీటిలో ఉప్పు దాదాపు ఉండదు, కప్ప ఒంట్లో ఉంటుంది. మరి కప్ప ఉప్పు ఎలా నిలుపుకుంటోంది? చర్మంతో లాగుకుంటోంది. ఉస్సింగ్ ఆ చర్మాన్ని రెండు అరల మధ్య బిగించాడు. రెండు వైపులా ఒకే ద్రవం పోశాడు. చర్మం పుట్టించే వోల్టేజీని బయటి నుంచి కరెంటు పంపి సున్నా చేశాడు. రెండు వైపులా తేడా ఏమీ లేకుండా చేశాడన్నమాట. అయినా సోడియం బయటి నుంచి లోపలికి నడుస్తూనే ఉంది, అందుకు పంపవలసి వచ్చిన కరెంటు సోడియం లెక్కతో సరిపోయింది. ఇది 1951. ఆ తర్వాత 1958లో కోఫోడ్-యోన్సెన్‌తో కలిసి, కణానికి ఒక ముఖంలో సోడియం చొరబడే దారి, రెండో ముఖంలో పంపు ఉండాలని రాశాడు. ఇందాక నేను గుర్తుపెట్టుకోండి అన్న మాట ఆయనదే. ఏ ఛానల్ ప్రోటీన్‌నూ ఇంకా ఎవరూ చేతిలోకి తీసుకోని రోజుల్లో, కప్ప చర్మం మీద కరెంటు కొలిచి, ఆ కొలతల్లోంచి అంత దూరం చూశాడు. ఉస్సింగ్ పేరు మన పాఠాల్లో ఒక పరికరం పేరుగా మిగిలిపోయింది. ఇంకా ఎక్కువ చెప్పుకోవలసిన మనిషి.

ఆ ఛానల్ జన్యువులు దొరకడానికి 1993, 94 దాకా పట్టింది. స్విట్జర్లాండ్‌లో లోజాన్‌లో బెర్నార్డ్ రోసియే ప్రయోగశాలలో సిసీలియా కనెస్సా, ఆమె సహచరులు ఎలుక పెద్దపేగు నుంచి దాన్ని పట్టుకున్నారు. ఎలా? ఎలుక పేగులోని ఆర్‌ఎన్‌ఏను కప్ప గుడ్లలోకి ఎక్కించి, ఏ గుడ్డులో సోడియం కరెంటు వస్తుందో చూస్తూ వెతికారు. మూడు భాగాలు దొరికాయి. ఆల్ఫా, బీటా, గామా. మూడూ కలిస్తేనే ఛానల్ పూర్తి బలంతో పనిచేస్తుంది. పిల్లలూ, ఇంకో విషయం. దీనికి దగ్గరి చుట్టాలు ఒక చిన్న నులిపురుగులో స్పర్శను తెలిపే నరాల్లో ఉన్నాయి. మన కిడ్నీలో ఉప్పు పట్టేదీ, ఆ పురుగుకు తాకిడి తెలిపేదీ ఒకే కుటుంబం.

ఈనాక్ మీద అధికారం ఎక్కువగా ఆల్డోస్టెరోన్ హార్మోన్‌ది. లండన్‌లో సింప్సన్, టెయిట్ అనే ఇద్దరు 1953లో దీన్ని వేరుచేశారు, తర్వాత వాళ్లు దంపతులయ్యారు. ఉప్పు తగ్గినా, రక్తం పోయినా, విరేచనాలతో నీరసించినా అడ్రినల్ గ్రంథి దీన్ని వదులుతుంది. అది కలెక్టింగ్ డక్ట్ కణంలోకి వెళ్లి జన్యువులను మేల్కొలుపుతుంది, కొన్ని గంటల్లో ఆ ముఖంలో ఈనాక్‌ల సంఖ్య పెరుగుతుంది. ఎన్ని తూములు తెరిచి ఉన్నాయి అన్నదే ఇక్కడ లెక్క.

ఈ తూములన్నీ తెరిచి ఉంచి ఒక మనిషి బతకగలడా? బతుకుతారు. బ్రెజిల్, వెనిజులా సరిహద్దు అడవుల్లో యానోమామి ప్రజలున్నారు. వాళ్లకు వంటలో ఉప్పు వాడే అలవాటు లేదు. మూత్రంలో రోజుకు పోయే సోడియం 1 మిల్లీమోల్ దగ్గర. మనకు 150, 200. వాళ్ల ఆల్డోస్టెరోన్ చాలా ఎక్కువ, అంటే ఈనాక్ ఒక్క రేణువు కూడా వదలడం లేదు. పెద్దవాళ్లలో సగటు బీపీ 96/61 దగ్గర ఉంది, వయసుతో పెరగడం లేదు. మనం వయసుతో బీపీ పెరగడం సహజం అనుకుంటున్నాం. సహజమేనా? ఆలోచించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. మన ఇళ్లలో ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, పెరుగన్నంలో మళ్లీ ఉప్పు, ఇవన్నీ కలిపితే ఆ గీత పొద్దున్న ఫలహారం దాటేసరికే దగ్గరపడుతుంది.

లిడిల్ చూసిన కుటుంబం

1963లో అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో గ్రాంట్ లిడిల్ ఒక కుటుంబాన్ని గురించి రాశాడు. చిన్న వయసులోనే బీపీ చాలా ఎక్కువ. రక్తంలో పొటాషియం తక్కువ. ఎవరు చూసినా ఏమంటారు? ఆల్డోస్టెరోన్ ఎక్కువైంది అంటారు. కొలిచి చూస్తే ఆల్డోస్టెరోన్ దాదాపు లేదు. ఆల్డోస్టెరోన్ పనిని ఆపే స్పైరోనోలాక్టోన్ ఇస్తే ఫలితం లేదు. ట్రయామ్టెరీన్ అని ఇంకో మందు ఇస్తే బీపీ తగ్గింది, పొటాషియం పెరిగింది. లోపం కిడ్నీలోనే ఉంది, హార్మోన్ చెప్పకపోయినా అది సోడియం లాగుతోంది అని లిడిల్ తేల్చాడు. ఆ కుటుంబంలో మొదట చూసిన రోగికి తర్వాత కిడ్నీ పాడై, వేరొకరి కిడ్నీ అమర్చారు. బీపీ, పొటాషియం రెండూ సర్దుకున్నాయి. అంటే లోపం కిడ్నీతో పాటే పోయింది.

1994లో అదే కుటుంబంలో లిఫ్టన్ బృందం జన్యువును పట్టుకుంది. ఈనాక్ బీటా భాగం తోక తెగి ఉంది. అంతే. తోక తెగితే ఏమవుతుంది? మామూలుగా నెడ్4-2 అనే ప్రోటీన్ ఆ తోక మీద ఒక చిన్న వరుసను పట్టుకుని, ఈ ఛానల్ పని అయిపోయింది అని గుర్తు వేస్తుంది. కణం దాన్ని లోపలికి తీసేసుకుంటుంది. ఈనాక్‌లు పుడుతూ పోతూ ఉండాలి. తోక లేని ఛానల్‌ను నెడ్4-2 పట్టుకోలేదు, అది ముఖంలోనే ఉండిపోతుంది, తెరిచే ఉంటుంది. ఇందాక ఆల్డోస్టెరోన్ సంఖ్య పెంచుతుంది అన్నాను కదా. అది పెంచే పద్ధతుల్లో ఒకటి ఈ నెడ్4-2ను అడ్డుకోవడమే. లిడిల్ కుటుంబంలో హార్మోన్ చేసే పని హార్మోన్ లేకుండా జరిగిపోయింది.

పొటాషియం ఎందుకు తగ్గింది? ఇది మెడికల్ పిల్లలు పరీక్షలో తప్పు రాసే చోటు, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. ఈనాక్ లోంచి సోడియం ఒంటరిగా లోపలికి పోతుంది. ధనావేశం పోయింది కాబట్టి గొట్టంలో రుణావేశం మిగులుతుంది. ఆ రుణావేశం కణంలోని పొటాషియంను బయటికి లాగుతుంది. అక్కడ కూడా రోమ్‌కే ఉంది, అందులోంచి పొటాషియం గొట్టంలోకి దిగుతుంది. సోడియం ఎంత లాగితే పొటాషియం అంత పోతుంది. లాసిక్స్, థయజైడ్ వేసుకుంటే పొటాషియం తగ్గేది ఇందుకే. పైన ఆపిన సోడియం అంతా ఈనాక్ దగ్గరికి వచ్చి పడుతుంది. అదే ఈనాక్‌నే ఆపే అమిలోరైడ్, ట్రయామ్టెరీన్ వేసుకుంటే పొటాషియం పోదు, నిలబడుతుంది. రెండు మందులు కలిపి ఒకే మాత్రగా ఇవ్వడంలో ఉన్న ఆలోచన ఇదే.

దీనికి తలకిందుల జబ్బు కూడా ఉంది. ఈనాక్ పనిచేయకుండా పుట్టే పిల్లలు. రెండు శాతం ఎంత అని తీసిపారేయకండి. పుట్టిన వారం, రెండు వారాల్లోనే ఉప్పంతా పోయి, బరువు తగ్గి, పొటాషియం ప్రాణం మీదికి వచ్చేంత పెరుగుతుంది. ముందు తొంభై ఏడు శాతం చక్కగా జరుగుతూనే ఉంటుంది. అయినా బిడ్డ బతకాలంటే రోజూ ఉప్పు పట్టించాలి.

ఇక మన ఇళ్లలో ఉండే ఒక వస్తువు. అతిమధురం. దగ్గుకు, గొంతుకు చప్పరిస్తాం. కషాయాల్లో వేస్తాం. అప్పుడప్పుడు కొంచెం అయితే ఏమీ కాదు. వారాల తరబడి రోజూ తీసుకుంటే బీపీ పెరగవచ్చు, పొటాషియం పడిపోవచ్చు, కాళ్లలో బలం లేకుండా పోవచ్చు. ఎందుకు? మన రక్తంలో ఆల్డోస్టెరోన్ కన్నా కార్టిసాల్ ఎన్నో రెట్లు ఎక్కువ. కార్టిసాల్ కూడా అడ్రినల్ గ్రంథి వదిలే హార్మోనే. ఆల్డోస్టెరోన్ కూర్చోవలసిన గ్రాహకంలో, అంటే కణంలో హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్‌లో, కార్టిసాల్ కూడా కూర్చోగలదు. అలా కూర్చోకుండా ఈ కణాల్లో ఒక ఎంజైమ్ కార్టిసాల్‌ను ఎప్పటికప్పుడు కార్టిసోన్‌గా మార్చేస్తుంది. అతిమధురంలో తీపిని ఇచ్చే గ్లిసరైజిక్ ఆమ్లం ఒంట్లోకి వెళ్లి ఆ ఎంజైమ్‌నే ఆపుతుంది. ఇక కార్టిసాల్ వచ్చి కూర్చుంటుంది, ఈనాక్‌లు పెరుగుతాయి. ఆకు మందే, వేరు మందే, ఏం చేస్తుంది అనుకోవద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ విషయం డాక్టర్‌కు చెప్పాలి. డాక్టర్లు కూడా అడగాలి.

ఇవన్నీ అరుదైన జబ్బులు, మామూలు బీపీకి దీనితో ఏం పని అని ఎవరికైనా అనిపించవచ్చు. లూయిస్ డాల్ అమెరికాలో రెండు రకాల ఎలుకలను పెంచాడు. ఉప్పు పెడితే బీపీ పెరిగేవి, పెరగనివి. వాటి మధ్య కిడ్నీలు మార్చి చూశారు. బీపీ కిడ్నీ వెంట వెళ్లింది. మనుషుల్లో 1983లో ఒక రిపోర్టు వచ్చింది. ఇలాంటి అరుదైన జబ్బేమీ లేకుండా, అందరికీ వచ్చే ఎక్కువ బీపీ వల్లే కిడ్నీలు పోగొట్టుకున్న ఆరుగురికి, బీపీ లేనివాళ్ల కిడ్నీలు అమర్చారు. ఏళ్ల తర్వాత చూస్తే ఆరుగురికీ బీపీ మామూలుగా ఉంది. ఆరుగురే కదా అంటే నిజమే, ఆరుగురే. రక్తనాళాలకు, నరాలకు పాత్ర లేదని నేను అనడం లేదు. కానీ ఒక్క జన్యువు వల్ల బీపీ పెరిగే, తగ్గే జబ్బులను వరుసగా పెట్టి చూస్తే, దాదాపు అన్నీ కిడ్నీలో ఉప్పు దారి మీదికే వచ్చి చేరతాయి. అందుకే బీపీ అనగానే నేను గుండె కన్నా ముందు కిడ్నీ గురించి ఆలోచిస్తాను. మీరూ ఆలోచించాలని కోరుతున్నాను.

ప్రశ్నలకు సమయం ఇచ్చారు. అడగండి.

(సభలోంచి ఒకావిడ: తక్కువ సోడియం ఉప్పు అని షాపుల్లో అమ్ముతున్నారు కదండీ, మా ఇంట్లో అది వాడొచ్చా?)

మంచి ప్రశ్న అమ్మా. ఆ ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఇందులో రెండు లాభాలున్నాయి. సోడియం తగ్గడం ఒకటి. రెండోది పొటాషియం పెరగడం, దాని సంగతి వినండి. ఇందాక చెప్పిన ఎన్‌సీసీ ఉన్న కణంలో రక్తం వైపు ఒక పొటాషియం ఛానల్ ఉంది. కిర్4.1 అంటారు. రక్తంలో పొటాషియం తగ్గితే ఆ ఛానల్ ద్వారా కణానికి ఆ సంగతి తెలుస్తుంది. కణం లోపల క్లోరైడ్ తగ్గుతుంది, దాంతో ఎన్‌సీసీ జోరు పెరుగుతుంది, ఉప్పు నిలబడుతుంది. అంటే తిండిలో పొటాషియం తక్కువైతే కిడ్నీ ఉప్పును వదలదు. పొటాషియం సరిపడా ఉంటే వదులుతుంది. ఆకుకూరలు, పప్పులు, పండ్లు, కొబ్బరినీళ్లు బీపీకి మంచివి అనడానికి వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మంది మీద ఒక పెద్ద పరిశోధన చేసి 2021లో ప్రచురించారు. వాళ్లంతా ఇదివరకు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం పల్లెలకు మామూలు ఉప్పు, సగం పల్లెలకు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. ఐదేళ్లలో ఆ రెండో పల్లెల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది, మరణాలు 12 శాతం తగ్గాయి. వంటింట్లో ఉప్పు మారిస్తే ఇంత తేడా రావడం చిన్న విషయం కాదు.

కానీ అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా? స్పైరోనోలాక్టోన్, అమిలోరైడ్ వాడుతున్నారా? పేరు చివర ప్రిల్ అనో సార్టాన్ అనో వచ్చే బీపీ మాత్రలు, రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి వేసుకుంటున్నారా? వాళ్లలో పొటాషియం బయటికి పోయే దారి ఇప్పటికే ఇరుకైపోయి ఉంటుంది. ఆ ఉప్పుతో రక్తంలో పొటాషియం మరీ పెరిగి వాళ్లకు గుండె మీదికి వస్తుంది. ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించి, ఆ కాగితం డాక్టర్‌కు చూపించి, ఆయన సరే అంటేనే మార్చండి. వంట అందరికీ ఒకటే గిన్నెలో కాబట్టి, ఇంట్లో అలాంటివాళ్లు ఒక్కరున్నా ఆ ఉప్పు తేవద్దు. మామూలు ఉప్పే తగ్గించి వేయండి.